బైసా

బయల్దేరే ముందు మావారు
డాలర్లను పాత డైరీ పుటల మధ్య పరిచి
పైన ప్రెషర్ కుక్కరు పెట్టారు.
మడత పడితే తీసుకోరట.
"డాలరుకు ఊరంటూ లేదు సులోచనా,
ఎక్కడైనా చెల్లుతుంది" అన్నారు.
ఊరు లేనిదాన్ని
ఏ ఊళ్ళో నమ్ముతారని నేనడగలేదు.

మస్కట్. ముత్రా బజారు.
మా ఇంట్లో శుక్రవారం చిటికెడు వేసే సాంబ్రాణి
ఇక్కడ గోతాల్లో నోరు తెరుచుకుని కూర్చుంది.
పావుకిలో ఎంతని అడిగాను.
నా చేతిలో పచ్చనోటు చూసి అంగడాయన
కాలిక్యులేటరు తనవైపు తిప్పుకున్నాడు.
మళ్ళీ నావైపు తిప్పేసరికి
పది డాలర్లు మూడు రియాళ్ళయ్యాయి.

మిగిలిన ఎనిమిదొందల చిల్లర బైసలు
ఎటు జారాయో నాకు తెలుసు.
ముప్పై ఒక్క ఏళ్ళు గ్రామీణ బ్యాంకులో
క్యాషు కౌంటరు మీద బతికినదాన్ని.
కళ్ళు మూసుకుని యాభైని వంద నుంచి విడదీసే వేళ్ళు నావి.
ఈ డాలర్లే అంతు చిక్కవు:
ఒకటీ వందా ఒకే తానులో చింపినట్టు
ఒకే పొడవు, ఒకే వెడల్పు, ఒకే మొహం.

సరే, ఇక్కడి డబ్బే తీసుకుందామని
మనీ ఎక్స్చేంజికి వెళ్ళాం.
అద్దం వెనక కుర్రాడు నోటును దీపానికెత్తి,
గోటితో గీరి,
మూలనున్న సిరాచుక్క మీద వేలు పెట్టాడు.
తల అడ్డంగా ఊపాడు.
కింది సందులోంచి నోటు
నావైపు జారివచ్చింది.

ఆ సందు నాకు తెలుసు.
అవతలివైపు నుంచి తెలుసు.

బీడీల బట్వాడా రోజు,
ఎండలో వరుస వీధి మలుపు దాకా.
బుచ్చవ్వ తెచ్చింది, మెతుకుతో అతికించిన యాభై.
"చెల్లదమ్మా. తర్వాత ఎవరు?"
మార్చివ్వాలని రూలుంది.
ఆ రూలు నా సొరుగులోనే ఉంది.
వరుస పొడుగ్గా ఉందని నాకు నేను చెప్పుకున్నాను.

తీరం పక్క టీ బండి దగ్గర
తప్పు నీదంటే నీదని మేం పోట్లాడుకుంటుంటే
"తెలుగోళ్ళా?" అన్నాడు చాయ్ పోసే అతను.
పేరు సాయిలు, కోరుట్ల.
కప్పు వంద బైసలు. రెండు కప్పులు.
మావారు ఒక డాలరు చాపారు.
"దీన్నేం జేస్త సారూ, నాకు పైసలే గావాలె."
అరబ్బుల నోట 'ప' తిరగదట,
మన పైసాయే ఇక్కడ బైసా.

"వంద బైసలంటే ఇరవై రూపాయల పైనే,
ఈ కాస్త టీకా!" మావారు గొణిగారు.
సాయిలు నవ్వాడు.
"మొదట్ల నేనూ గంతే సారు.
సబ్బు బిళ్ళ కొన్నా రూపాయల్ల లెక్క.
ఆర్నెల్లు చాయ్ తాగలే.
గుణించుడు బంద్ వెట్టినంకనే
ఈ ఊర్ల నాకు ఆకలైంది.
తాగుండ్రి. రేపియ్యుండ్రి."

ఇంత పూచీ లేని అప్పు
నా సర్వీసులో ఎవరికీ మంజూరు కాలేదు.

మర్నాడు వేరే డాలర్లు మార్చుకుని,
పొద్దున్నే, మావారు లేవకముందే వెళ్ళాను.
అర రియాలు ఇచ్చాను.
బాకీ పట్టుకుని మూడు వందలు తిరిగిచ్చాడు.
అందులో ఒక నోటు నడుమ
పారదర్శకంగా టేపు.
అతనూ చూశాడు. మార్చబోయాడు.
"ఉండనీ నాయనా" అన్నాను.
మూడు నోట్లూ లెక్కపెట్టకుండా
సంచిలో వేసుకున్నాను.
వేళ్ళు కాసేపు ఏం చేయాలో తెలియక
కొంగు చివర మడతపెట్టాయి.

సాంబ్రాణి కొన్నాను, రియాళ్ళతో.
బేరమాడాను, గట్టిగానే.

సిరాచుక్క డాలరు ఇంకా ఆ డైరీలోనే ఉంది.
కుక్కరులో పప్పు ఉడుకుతోంది.